సొంత ఊళ్ళో మీటింగ్‌కి వెళ్ళాలా, పక్క టౌనుకి వెళ్ళాలా?

రావిచెట్టు నీడ:
మందు మానేసి ఈ రోజుకి పంతొమ్మిది రోజులు. అందులో వారం ఆస్పత్రిలోనే ఉన్నాను. పంపించేటప్పుడు డాక్టరుగారు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపు) మీటింగులకి తప్పకుండా వెళ్ళమన్నారు. మా ఊళ్ళో ఉన్నది ఒక్కటే, శనివారం సాయంత్రం, చర్చి వెనక గదిలో. నేను బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ వీధిలోనే నా దగ్గర చదివే పిల్లల ఇళ్ళు నాలుగున్నాయి. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. రెండోసారి చెప్పులు కూడా విప్పాను. లోపల ఎవరో దగ్గారు, తెలిసిన గొంతులా అనిపించింది. మళ్ళీ తొడుక్కున్నాను. మా ఆవిడ పక్క టౌనుకి వెళ్ళమంటోంది, బస్సులో గంటంబావు. చర్చి అనేసరికి అన్నయ్య అసలు వద్దే వద్దంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

పదకొండేళ్ళ వాణ్ణి:
సొంత ఊళ్ళోనే వెళ్ళండి మేష్టారూ. తాగాలన్న ఊపు మీటింగ్ టైము చూసుకుని రాదు. నాకు మూడో నెలలో రాత్రి పదకొండింటికి వచ్చింది, క్వార్టర్‌కి డబ్బులు జేబులో పెట్టుకుని గేటు తీశాను. స్పాన్సర్‌కి, అంటే గ్రూపులో నాకు తోడుగా ఉండే పాత సభ్యుడికి, ఫోన్ చేస్తే పది నిమిషాల్లో బండేసుకొచ్చి బస్టాండులో టీ తాగించి, రెండింటిదాకా నాతోనే కూర్చున్నాడు. గంటంబావు దూరంలో ఉన్నవాడైతే వచ్చేలోపు నా సీసా అయిపోయేది. అయినా మనం తాగి పడిపోయినప్పుడు ఊరంతా చూసిందే కదా, మానడానికి వెళ్తుంటే చూస్తే ఏమిటి?

తులసికోట:
చివరి మాటతో నాకు పేచీ ఉంది అన్నా. అది మగవాళ్ళకి చెల్లుతుంది. నేను తాగేదాన్నని మా ఊరికి తెలీదు. సీసా మినప్పప్పు డబ్బా వెనక ఉండేది, పిల్లలు పడుకున్నాకే తీసేదాన్ని. మా ఊరి మీటింగ్‌లో పద్నాలుగు మంది, అందరూ మగవాళ్ళే. అక్కడ అడుగు పెడితే మర్నాటికి మా అత్తగారింటికి కబురు చేరేది. జూమ్‌లో ఆడవాళ్ళ మీటింగ్ దొరకబట్టి బతికాను. ఏ గుమ్మం దాటగలమో ఆ గుమ్మమే మొదట దాటాలి.

దాచను, అందులోనూ లోటుంది. రెండు నెలలు కెమెరా ఆన్ చెయ్యలేదు. రెండుసార్లు తాగే కూర్చున్నాను, ఎవరికీ తెలీలేదు. ఎదురుగా కూర్చుని ఉంటే వాసన పట్టేసేవాళ్ళు.

పదకొండేళ్ళ వాణ్ణి:
చెల్లెమ్మా, నీ సంగతి ఆలోచించకుండా అనేశాను, తప్పే. ఇన్నేళ్ళలో మా గ్రూపుకి వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ నెల తిరక్కుండా మానేశారు. ఎందుకని మేం ఎప్పుడూ అడగలేదు.

మేష్టారూ, మీ అన్నయ్యగారికి ఈ మాట చెప్పండి. ఏఏ 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్ళో మొదలైంది, మొదలుపెట్టిన బిల్, డాక్టర్ బాబ్ ఇద్దరూ తాగుబోతులే. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఉంది, కాదనను. పక్కనే ‘మనకు అర్థమైన రీతిలో’ అని కూడా ఉంది. మా గ్రూపులో ఒకాయనకి ఆ దేవుడు ఆంజనేయస్వామి, ఇంకొకాయన గ్రూపే నా దేవుడంటాడు. సభ్యత్వానికి కావలసింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. డబ్బా తిరుగుతుంది, పది వేసినా వెయ్యకపోయినా ఎవరూ చూడరు. ఆ డబ్బుల్లోంచే మేం గదికి అద్దె కడతాం.

వార్డు నంబర్ ఆరు:
డీ-అడిక్షన్ వార్డులో పనిచేస్తాను. ‘మీటింగులతో నిజంగా మానతారా, ఊరికే కబుర్లా’ అని నన్ను చాలామంది అడుగుతారు. 2020లో వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు కలిపి చూసింది. మనిషిని పద్ధతిగా ఏఏలోకి చేర్చే చికిత్స, చుక్క ముట్టకుండా నిలబెట్టడంలో మిగతా పేరున్న చికిత్సలకంటే మెరుగ్గా పనిచేసిందని తేలింది. అయితే ఇది చదివి రోజూ తాగేవాళ్ళెవరూ రాత్రికి రాత్రి మానేసి మీటింగ్‌కి బయల్దేరొద్దు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత రెండు రోజుల్లో లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే ప్రాణం మీదికే వస్తుంది. ముందు డాక్టరు, తర్వాత మీటింగ్. ఎక్కడికి వెళ్ళాలో తెలీకపోతే 14446కి చెయ్యండి, ఉచితం.

మేష్టారుగారి ఆవిడకి కూడా ఒక మాట. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-ఆనాన్ అని వేరే మీటింగులున్నాయి. తాగుడు మానిపించాలని భర్తకి తెలీకుండా అన్నంలో మాత్రలు కలిపి పెట్టే ఇల్లాళ్ళని వార్డులో చూస్తుంటాను. వాళ్ళకీ చెప్పుకునే చోటు కావాలి.

తులసికోట:
మేష్టారూ, మొదటి నాలుగు వారాలు పక్క టౌనుకే వెళ్ళండి. ముందురోజు ఆ గ్రూపు నంబరుకి ఫోన్ చేసి కొత్తవాణ్ణని చెప్పండి, ఎవరో ఒకరు ఎదురొస్తారు. కాళ్ళు నిలదొక్కుకున్నాక మీ ఊరి గది ఎక్కడికీ పోదు.

పదకొండేళ్ళ వాణ్ణి:
నాలుగు వారాలకి సరే. రాత్రిపూట పిలవడానికి మాత్రం ఊళ్ళో ఒక్క మనిషినైనా ఇప్పుడే చూసుకోండి. ఆ మాట వదలను.

రావిచెట్టు నీడ:
నా వంతు వస్తే మాట్లాడాల్సిందేనా?

తులసికోట:
అక్కర్లేదు. ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. అసలు పేరే చెప్పాలని కూడా లేదు.

రావిచెట్టు నీడ:
ఇందాక పక్క టౌనుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన ఉద్యోగం అడగలేదు, ఊరు అడగలేదు, ఎన్ని రోజులైందని మాత్రం అడిగారు. పంతొమ్మిది అన్నాను. రేపు బస్టాండులో ఎంక్వైరీ దగ్గర ఉంటారట, నీలం గళ్ళ చొక్కా, చేతిలో గొడుగు. నాలుగింటి బస్సు ఎక్కుతున్నాను.