పరధ్యానంలోని ధ్యానం

ప్రశ్న: ధ్యానమంటే మనసులో ఏ ఆలోచనా లేకుండా చేసుకోవడం అంటారు. మరి మాట వినకుండా ఎటో చూస్తున్నవాణ్ణి 'పరధ్యానంలో ఉన్నాడు' అంటామేం? వాడి బుర్ర నిండా ఆలోచనలే కదా!

జవాబు: తిరకాసు మీ మొదటి వాక్యంలోనే ఉందండీ. ధ్యానానికి ధాతువు 'ధ్యై', అర్థం 'చింతాయామ్', అంటే తలచడం. ఖాళీ చేయడమనే అర్థం అందులో లేదు. యోగసూత్రాల మూడో పాదం రెండు మెట్లు చెబుతుంది. చిత్తాన్ని ఒకచోట కట్టడం ధారణ, అక్కడే తలపు ఏకధారగా సాగడం ధ్యానం: 'తత్ర ప్రత్యయైకతానతా ధ్యానమ్'. రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో దీన్ని తైలధార అన్నారు. నీళ్లు వంచితే చుక్కలుగా చిట్లుతాయి, నూనె సన్నటి తీగలా దిగుతుంది. పరధ్యానంలోనూ తలపు సాగుతూనే ఉంటుంది, కాకపోతే వేరే గిన్నెలో పడుతుంది. 'పర' అంటే ఇతరమనేగా.

మరో జవాబు: ఆ ధార తెగినప్పుడు ఏం చేయాలన్నది అసలు విద్య. బౌద్ధగ్రంథాల భాష పాళీలో ధ్యానం 'ఝాన' అయింది, చైనాలో చాన్, జపాన్‌లో జెన్. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు ఐదులోపు ఆపొద్దు, పది దాటొద్దు, మధ్యలో అంకె వదలొద్దు అంటాడు విసుద్ధిమగ్గ అనే పాళీ గ్రంథంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు. ఐదులోపు ఆపితే ఇరుకు దొడ్లో పశువుల్లా మనసు పెనుగులాడుతుంది. పది దాటితే ఊపిరిని వదిలి అంకెను పట్టుకుంటుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: లెక్క ముప్పై, నలభై అని సాగిపోతుంటుంది, ఊపిరి ఊసే ఉండదు. అప్పుడు ఎక్కడ తప్పామా అని వెతక్కుండా మళ్లీ ఒకటి అనుకోవాలి. గీత 6:26 చూడండి: 'యతో యతో... తతస్తతో'. ఎటెటు పోతే అటటునుంచి మళ్లించు. ఒక్కసారితో అయ్యే పని కాదని ఆ ఆమ్రేడితమే చెబుతోంది!

ప్రశ్న: ధ్యానం మనసుకు మేలని రుజువైందా?

జవాబు: కొంతవరకు. 47 ప్రయోగాలను, 3,515 మందిని కలిపి చూసిన సమీక్ష 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఓ మోస్తరుగా తగ్గాయి. వ్యాయామం, మందులకన్నా మెరుగని మాత్రం తేలలేదు. కాబట్టి కుంగుబాటుకు మందులు వాడేవాళ్లు దయచేసి సొంతంగా ఆపకండి.

మొదటి ప్రశ్నకే ఇంకో జవాబు: బైబిల్లోనూ ధ్యానమనే మాట ఉంది. కీర్తనలు 1:2లో 'దివారాత్రము దానిని ధ్యానించువాడు'. హీబ్రూలో అక్కడున్న క్రియ 'హాగా', అంటే లోగొంతుతో గొణుక్కోవడం. యెషయా 31:4లో సింహం గర్జనకూ అదే క్రియ. మన జపానికి దగ్గరన్నమాట. తెలుగు అనువాదంలోని 'దానిని' గమనించారా? 'ధ్యానించు' అనే క్రియకు వ్యాకరణంలో కర్మ ఉండాలి: దేవుణ్ణి, వాక్యాన్ని, రూపాన్ని. 'రోజూ ధ్యానం చేస్తాను' అనేసరికి ఆ ద్వితీయా విభక్తి జారిపోయింది. దేన్ని అని అడిగేవాళ్లే లేరు. మొదటి ప్రశ్నలోని 'ఖాళీ' అక్కడే చొరబడిందని నా అనుమానం.