మేనకోడలి గ్రాడ్యుయేషన్‌కి పిలిచిన చీఫ్ గెస్ట్ పిల్లలకి నచ్చలేదు, వాకౌట్ చేస్తారట. మీరేమంటారు?

గోదారిగట్టు:
మా అక్కా వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. మేనకోడలు పెన్సిల్వేనియాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో చదువుతోంది, మే నెలలో గ్రాడ్యుయేషన్. రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా బయల్దేరుతున్నారు. వీసా వచ్చింది, టికెట్లు కొన్నారు, అమ్మ ఉప్పాడ చీరా, మనవరాలికి కప్పడానికి శాలువా ఇప్పటికే పెట్టెలో సర్దేసింది. ఇంతలో గొడవ. ఆయుధాల కంపెనీ బోర్డులో ఉన్న ఒకాయన్ని కాలేజీ వాళ్లు చీఫ్ గెస్ట్‌గా పిలిచారు. పిల్లలు సంతకాలు పెట్టి వద్దన్నారు, కాలేజీ వినలేదు. సరే, ఆయన మాట్లాడ్డానికి లేవగానే మేమంతా లేచి బయటికి పోతాం అంటున్నారు, అందులో మా పిల్ల ముందు వరసలో ఉంది. బావ అగ్గి మీద గుగ్గిలం. "నిరసనలకి మిగతా 364 రోజులున్నాయి" అని ఆయన, "ఆ 364 రోజులూ ఎవరూ వినలేదు నాన్నా" అని అది. ఇద్దరూ నాకే ఫోన్ చేస్తున్నారు. ఏం చెప్పను? దయచేసి ఇక్కడి పార్టీల గొడవ లాగొద్దు.

కాకినాడ కాజా:
తప్పే, అందులో ఆలోచించడానికేముంది. పిలిచిన మనిషి ఎదురుగా లేచి పోవడం మన ఇంటా వంటా లేదు. ఆయన నచ్చకపోతే పిలిచిన వాళ్లతో తేల్చుకోవాలి. ముసలాళ్లు ఖండాలు దాటి వస్తున్నది పిల్లని స్టేజీ మీద చూడ్డానికి, దాని వీపు చూడ్డానికి కాదు.

పెన్నా ఒడ్డు:
అసలు ఈ లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ఏంటండీ, బొమ్మలూ సంగీతమూ నేర్పేదా? మన డిగ్రీ కాలేజీ లాంటిదే అయితే బీఏ కోసం ఇంత హడావుడి దేనికి? మా తమ్ముడు అక్కడ ఎంఎస్ చేసి గ్రాడ్యుయేషన్‌కే వెళ్లలేదు, అదే రోజు ఇంటర్వ్యూ ఉందని.

ఫిలడెల్ఫియా పద్మ:
పెన్నా ఒడ్డు గారూ, బొమ్మలు కాదండీ. ఫిజిక్సు, లెక్కలు, చరిత్ర, సాహిత్యం అన్నీ ఉంటాయి, కాకపోతే చాలావరకు డిగ్రీతో సరి, పీహెచ్‌డీల గోల ఉండదు. కాలేజీ మొత్తం కలిపి ఓ వెయ్యి నుంచి రెండున్నర వేల మంది. అందుకే ఆ రోజుకి అంత విలువ. పెద్ద యూనివర్సిటీలో స్టేడియంలో ఇంజినీరింగ్ వాళ్లంతా లేవండి అంటే లేస్తారు, డిగ్రీ ఇచ్చేశాం అంటారు, కూర్చుంటారు. పేర్లు పిలవడం విడిగా ఇంకో చోట ఇంకో పూట. చిన్న కాలేజీలో ఒక్కొక్కరి పేరూ చదువుతారు. మన పేర్లు ఎలా పలకాలో ముందే కార్డు మీద విడగొట్టి రాసిమ్మంటారు, మా అబ్బాయి ఇంటిపేరు కోసం ఇంట్లో అందరం కూర్చుని నాలుగు రకాలుగా రాసి చూశాం. ప్రెసిడెంట్ కరచాలనం చేసి, వీడు ఏ సబ్జెక్టో కూడా గుర్తు పెట్టుకుని ఓ మాట అన్నాడు. మీ తమ్ముడు వెళ్లకపోవడంలో తప్పేం లేదు, ఆ ఉత్సవం వేరు, ఇది వేరు.

ఇక అసలు సంగతి. మాకు దగ్గర్లోనే, ఫిలడెల్ఫియా శివార్లలో హేవర్‌ఫర్డ్ కాలేజీ ఉంది, క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవ శాఖ వాళ్లు పెట్టినది. 2014లో వాళ్లు రాబర్ట్ బర్జెనోని పిలిచారు, బర్క్‌లీ యూనివర్సిటీ మాజీ చాన్సలర్. ఆయన హయాంలో, 2011 నవంబరులో, బర్క్‌లీలో ఆక్యుపై నిరసన (ఆర్థిక అసమానతల మీద జరిగినది) చేస్తున్న విద్యార్థుల్ని పోలీసులు లాఠీలతో పొడిచారు. దాంతో హేవర్‌ఫర్డ్‌లో నలభై మందికి పైగా పిల్లలు, కొందరు అధ్యాపకులు ఆయనకి ఉత్తరం రాశారు, తొమ్మిది షరతులతో. తప్పు ఒప్పుకోవాలి, దెబ్బలు తిన్నవాళ్లకి పరిహారం ఇవ్వడాన్ని సమర్థించాలి, ఆ ఘటన నుంచి ఏం నేర్చుకున్నారో మాకు బహిరంగ లేఖ రాయాలి, ఇలాంటివి. ఆయన రానన్నాడు, అంతే.

అప్పుడు స్టేజీ ఎక్కినవాళ్లలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మాజీ ప్రెసిడెంట్ విలియం బోవెన్ ఒకరు. ఆయన పొగిడి వెళ్లిపోలేదు. ఆ ఉత్తరం రాసిన పద్ధతి అపరిపక్వం, అహంకారం అని పట్టా తీసుకునే పిల్లల ముందే అన్నాడు. బర్జెనో రాకపోవడాన్నీ మెచ్చుకోలేదు, ఇది ఎవరి గెలుపూ కాదు, కాలేజీకి ఓటమి అన్నాడు. చాలామంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నాకైతే ఆ పిల్లల కోపం అర్థమవుతుంది, షరతుల చిట్టా మాత్రం అర్థం కాలేదు. ఇంటికి పిలిచి, గుమ్మం దగ్గర క్షమాపణ పత్రం రాయించుకుంటారా ఎవరైనా?

కాకినాడ కాజా:
చూశారా, ఆ పెద్దాయన అన్నదే నేనూ అన్నాను. ఇంకోటి. 2024లో కాలిఫోర్నియా పొమోనా కాలేజీలో గ్రాడ్యుయేషన్ జరగాల్సిన చోటే పిల్లలు టెంట్లు వేసి కూర్చుంటే, ఉత్సవాన్ని ఎత్తి లాస్ ఏంజెలెస్‌లో ష్రైన్ ఆడిటోరియానికి మార్చారు. ఆ బ్యాచ్‌లో ఎక్కువమంది 2020లో హైస్కూల్ ముగించినవాళ్లు, కోవిడ్‌లో అప్పుడూ ఉత్సవం లేదు పాపం. నాలుగేళ్లు కాచుకున్నది తీరా సొంత క్యాంపస్‌లో కాకుండా ఊరు దాటి అద్దె హాల్లో. ఎవరి మీద కోపం, ఎవరి నెత్తిన పడింది?

బోస్టన్ బావ:
కాజా గారూ, పొమోనాది చీఫ్ గెస్ట్ గొడవ కాదు, గాజా గొడవ. రెండూ కలపకండి. మీకు ఇంకో కథ చెప్తాను, మా వైపుది.

1990. బోస్టన్ పక్కన వెల్‌స్లీ, ఆడపిల్లల కాలేజీ. బార్బరా బుష్‌ని పిలిచారు, అప్పుడామె అధ్యక్షుడి భార్య. పిల్లలు మొదట కోరుకున్నది రచయిత్రి ఆలిస్ వాకర్‌ని, ఆవిడకి కుదర్లేదు. ఓ నూట యాభై మంది సంతకాలు పెట్టారు. వాళ్ల వాదన ఏంటంటే, సొంత కాళ్ల మీద నిలబడమని నాలుగేళ్లు మాకు నేర్పి, ఇప్పుడు మొగుడి హోదా వల్ల పేరొచ్చిన ఆవిడ్ని ఆదర్శం అంటారేంటి అని. బార్బరా తాను చదివిన స్మిత్ అనే ఇంకో ఆడపిల్లల కాలేజీలో చదువు మధ్యలో మానేసి పెళ్లి చేసుకుంది మరి. దేశమంతా రచ్చ. పేపర్లలో సగం మంది పిల్లల్ని తిట్టారు, కొవ్వెక్కిందన్నారు.

ఆవిడేం చేసింది? వచ్చింది. పైగా సోవియట్ అధ్యక్షుడి భార్య రైసా గోర్బచేవ్‌ని వెంటబెట్టుకుని వచ్చింది, మొగుళ్లిద్దరూ అప్పుడు వాషింగ్టన్ శిఖరాగ్ర సమావేశంలో ఉన్నారు. వెల్‌స్లీలో ఏటా చక్రాలు దొర్లించే పందెం ఒకటుంది, గౌన్లు వేసుకుని కర్రతో చెక్క చక్రాన్ని తోసుకుంటూ పరుగు, గెలిచిన పిల్లని తర్వాత చెరువులో పడేస్తారు. గెలిచిన పిల్లకి అందరికంటే ముందు పెళ్లవుతుందని పాతకాలం మాట, తర్వాత ముందుగా పెద్ద కంపెనీకి సీఈఓ అవుతుందన్నారు. ఈవిడ ఆ రెండూ కాదు, తన కల తాను నెరవేర్చుకున్న మొదటి పిల్ల అవుతుంది అంది. చివర్లో, మీలో ఎవరో ఒకరు నా అడుగుజాడల్లో నడిచి అధ్యక్ష పదవిలో ఉన్నవారి జీవిత భాగస్వామిగా వైట్‌హౌస్‌ని చూసుకోవచ్చు, అతనికి నా శుభాకాంక్షలు అంది. "అతనికి" అనగానే అరుపులూ చప్పట్లూ.

నేననేది ఏంటంటే, ఆ నూట యాభై సంతకాలు లేకపోతే ఆవిడ మామూలుగా నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లిపోయేది. పిల్లలు నిలదీశారు కాబట్టే ఆ ప్రసంగం అలా వచ్చింది. ఇదే కాలేజీలో 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ మాట్లాడాక హిల్లరీ రాడమ్ అనే విద్యార్థిని, అంటే తర్వాతి హిల్లరీ క్లింటన్, లేచి, ముందు ఆయన మాటలకి అప్పటికప్పుడు జవాబు చెప్పి, తర్వాతే రాసుకొచ్చింది చదివింది. ఆ కాలేజీలో పట్టా తీసుకునే పిల్లల తరఫున ఒకరు మాట్లాడటం అదే మొదలు. అది కూడా పిల్లలు పట్టుబడితేనే వచ్చింది. మర్యాద, మర్యాద అని కూర్చుంటే వచ్చేది కాదు.

లెక్కల మాస్టారు:
అందరూ అలా రారు కదా బావగారూ. అదే 2014లో స్మిత్‌కి ఐఎంఎఫ్ (దేశాలకి షరతులతో అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) అప్పటి అధినేత్రి క్రిస్టీన్ లగార్డ్ వస్తానని ఒప్పుకుని, పిల్లలు పిటిషన్ పెట్టగానే వెనక్కి తగ్గింది. బదులు రూత్ సిమన్స్ మాట్లాడింది, పూర్వం అదే కాలేజీకి ప్రెసిడెంట్. ఆ పిల్లలకి నా ఓటు. అప్పుల షరతులు ఎలా ఉంటాయో మనకి తెలీదా, 2000 ఆగస్టులో బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద నిరసన చేస్తే కాల్పులు జరిగాయి.

బోస్టన్ బావ:
మాస్టారూ, అది ప్రపంచ బ్యాంకు అప్పు. ఐఎంఎఫ్ వేరు. లెక్కల మాస్టారు అయ్యుండి ఖాతాలు కలిపేస్తే ఎలా 🙂

లెక్కల మాస్టారు:
ఒకే తాను ముక్కలేనండీ రెండూ. సరే వదిలేయండి, గోదారిగట్టు గారు పార్టీలు వద్దన్నారు. మన దగ్గర సంగతి చూడండి, స్నాతకోత్సవానికి ఎవరొస్తారని పిల్లల్ని అడిగేదెవరు? రాష్ట్ర యూనివర్సిటీలకి మామూలుగా గవర్నరే చాన్సలర్, ఆయనకి డేటు కుదిరితే ఉత్సవం, లేకపోతే పట్టా పోస్టులో. గోల్డ్ మెడల్ వాళ్లకి స్టేజీ, మిగతా వాళ్లకి కౌంటర్ దగ్గర క్యూ. నాకు గుర్తున్న స్నాతకోత్సవ నిరసన చేసింది కూడా విద్యార్థి కాదు, కేంద్ర మంత్రి. 2010లో భోపాల్‌లో జైరాం రమేష్ ఈ గౌను వలస పాలన నాటి అనాగరికం అని స్టేజీ మీదే విప్పేశాడు. కాబట్టి సంతకాలు పెట్టగలిగే పిల్లలున్న కాలేజీని చూసి నేనైతే కుళ్లుకుంటాను.

కాకినాడ కాజా:
సంతకాలు పెట్టొద్దని నేనెక్కడన్నాను మాస్టారూ? వెల్‌స్లీ పిల్లలు కూడా సంతకాలు పెట్టారు, తర్వాత కూర్చుని విన్నారు. బావగారు చెప్పిన కథ నా పక్షానే ఉంది. లేచిపోయి ఉంటే ఆ "అతనికి" అన్న మాట ఎవరు వినేవాళ్లు?

బోస్టన్ బావ:
అది మాత్రం కరెక్టే. కానీ ఆ కూర్చున్న పిల్లలు ముందు గొడవ చేసిన పిల్లలే అని మర్చిపోకండి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్ అండీ. పద్మగారి హేవర్‌ఫర్డ్ కథ, వెల్‌స్లీ కథ రెండూ మేనకోడలికి చెప్పాను. హేవర్‌ఫర్డ్ దానికి ముందే తెలుసు, "మేమేం షరతులు పెట్టలేదు మామయ్యా, క్షమాపణ అడగలేదు, మేం వినం అంటున్నాం అంతే" అంది. అందులో న్యాయం లేకపోలేదు. బావ పంతం బావదే, ఇంత ఫీజు కట్టింది ఇందుకేనా అని మొదలుపెట్టాడు. అమ్మకి మాత్రం చీఫ్ గెస్ట్ ఎవరైనా ఒకటే, "బయటికి వెళ్తే వెళ్లనీ, పేరు పిలిచే టయానికి లోపల ఉంటుందా లేదా, అది కనుక్కో" అంటోంది. నాకు తెలీదు. ఎవరికైనా తెలుసా?

ఫిలడెల్ఫియా పద్మ:
అమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న. ప్రసంగం ముందు, పేర్లు తర్వాత. వరసలు వరసలుగా లేపి స్టేజీ పక్కకి తీసుకెళ్తారు, తన వరస లేచేసరికి కుర్చీలో లేకపోతే కార్డు ఇచ్చేచోట గందరగోళం. బయటికెళ్లిన వాళ్లని తిరిగి రానిస్తారా లేదా అన్నది ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, డీన్ ఆఫీసులో ముందే అడగమనండి, దాచాల్సిన పనేం లేదు, వాళ్లకీ ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇంకో దారి కూడా ఉంది. బోవెన్ ఆ రోజు ప్రిన్స్‌టన్ నాటి సంగతి ఒకటి చెప్పాడు. నిక్సన్ రోజుల్లో మంత్రి జార్జ్ షుల్ట్జ్‌కి గౌరవ డిగ్రీ ఇస్తుంటే, వ్యతిరేకించినవాళ్లు కేకలు వేయలేదు, లేచి వీపు తిప్పి నిలబడ్డారట. అదీ పద్ధతి అని మెచ్చుకున్నాడు. మీ పిల్లకి అది నచ్చుతుందేమో అడగండి. కుర్చీ దగ్గరే ఉంటుంది కాబట్టి పేరు పిలిచేసరికి లోపలే ఉంటుంది. వీపు చూడ్డానికి రాలేదని కాజా గారు అంటారేమో కానీ, తాతగారు వెనక వరసల్లో కూర్చుంటారు కాబట్టి పిల్ల వెనక్కి తిరిగితే ఆయనకి కనిపించేది మొహమే.

వాన పడితే జిమ్‌లోకి మారుస్తారు, అప్పుడు ఒక్కో విద్యార్థికి ఇచ్చే టికెట్లు తగ్గిపోతాయి. మీవాళ్లు ఎంతమంది వెళ్తున్నారో చూసుకుని అది ఇవాళే అడగండి.