కాపర్ ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఫోన్: ఇంట్లో పాత వైరింగ్, మూడు పాయింట్లు అలాగే వాడుకోవచ్చా?

తెనాలి వాసి

తెనాలిలో అమ్మానాన్నలు ఉండే ఇంటికి పాత కాపర్ ల్యాండ్‌లైన్ ఉంది. వాన పడితే లైన్లో గరగర. అదే కంపెనీ ఇప్పుడు ఫైబర్ వేస్తానంటోంది, ఫోన్ కూడా దాని మీదే వస్తుందట. అడగాల్సినవి ఇవి:

08644 నంబర్ మారకూడదు. చుట్టాలందరి దగ్గరా, బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో అదే ఉంది.

హాల్లో, వంటింట్లో, మేడ మీద గదిలో మూడు పాయింట్లు ఉన్నాయి. వైరు గోడలోపలి పైపులో పోయింది. ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ బాక్సు హాల్లో టీవీ పక్కన పెడతారు. దాని ఫోన్ పోర్టు నుంచి ఈ పాత వైరింగ్‌కి కలిపితే మూడు ఫోన్లూ మోగుతాయా? హాల్లోది వేలితో తిప్పే డయల్ ఫోన్, వంటింట్లోది నంబర్ కనిపించే బీటెల్, మేడ మీద కార్డ్‌లెస్.

కరెంటు పోతే ఫోన్ సంగతేంటి? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

జాయింటర్

ముందు నంబర్ సంగతి. దరఖాస్తులో ఎక్కడా "సరెండర్" అనే మాట రాయకండి. పాతది సరెండర్ చేసి ఫైబర్ కొత్తగా తీసుకుంటే కొత్త నంబరే వస్తుంది, పాతది పోతుంది. "కాపర్ నుంచి ఫైబర్‌కి మార్పు, అదే నంబర్" అని రాయించండి. రసీదు మీద పాత నంబర్ పడిందో లేదో అక్కడే చూసుకోండి. అదే కంపెనీ, అదే ఊరు కాబట్టి మీకు ఇది కుదిరే పనే. కంపెనీ మారితే మాత్రం నంబర్ వెంట రాదు. మన దేశంలో పోర్టింగ్ మొబైల్ నంబర్లకే ఉంది, ల్యాండ్‌లైన్‌కి లేదు. ఫైబర్ నంబర్‌కి బయటి నుంచి కాల్ చేయించి, మోగిందని తేలాకే కాపర్ మీద చెయ్యి వేయండి.

ఇక వైరింగ్. పాత వైరు వాడుకోవచ్చు, బాగా పనిచేస్తుంది. కానీ ఒక్క పని చేయకుండా కలపకూడదు: వీధి నుంచి వచ్చే కాపర్ జతని (రెండు పోగుల వైరుని) ఇంటి వైరింగ్ నుంచి పూర్తిగా విడదీయాలి. ఎక్స్ఛేంజీ నుంచి లైన్ మీద 48 వోల్టుల డీసీ ఎప్పుడూ ఉంటుంది, రింగ్ వచ్చినప్పుడు 75 వోల్టులు దాటే ఏసీ. ఓఎన్‌టీ ఫోన్ పోర్టు కూడా తన డీసీని, తన రింగ్‌ని తనే ఇస్తుంది. రెండూ ఒకే జత మీద కలిస్తే ఫోన్ పోర్టు కాలిపోవచ్చు, ఇంటర్నెట్ మాత్రం మామూలుగా వస్తూంటుంది. అందుకే చాలామందికి కారణం అంతుపట్టదు. కాపర్ కనెక్షన్ తీసేశామని కంపెనీ చెప్పినా ఆ జతని వదిలేయకండి. స్తంభం మీద ఇళ్ళకి లైన్లు పంచే డీపీ బాక్సులో వైరు ఇంకా తగిలించే ఉండొచ్చు, పిడుగు పడినప్పుడు ఆ దారిన ఇంట్లోకి వస్తుంది.

చేసే పద్ధతి: స్తంభం నుంచి వచ్చే డ్రాప్ వైరు ఇంట్లోకి వచ్చి మొదట చేరే రోజెట్ (గోడకి బిగించిన చిన్న ఫోన్ డబ్బా) వెతకండి. మూత స్క్రూ విప్పితే రెండు స్క్రూల కింద రెండు జతలు కనిపిస్తాయి. లావుగా, నల్ల తొడుగుతో ఉన్నది బయటిది. సన్నగా, పైపులోకి పోయేది లోపలిది. బయటి జత రెండు పోగులూ తీసి, దేనికది విడిగా టేపు చుట్టి పక్కకి మడవండి. ఒక్క పోగు తీసి వదిలేస్తే చాలదు. ఇప్పుడు మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి రోజెట్ స్క్రూల మధ్య చూడండి. సున్నా రావాలి. 48 దరిదాపుల్లో కనిపిస్తే ఇంకెక్కడో బయటి వైరు కలిసి ఉందన్నమాట. ఆగి వెతకండి.

సున్నా వచ్చాక, హాల్ పాయింట్ నుంచి ఓఎన్‌టీ మీద "ఫోన్ 1" లేదా "టెల్ 1" అని ఉన్న చిన్న సాకెట్‌కి రెండు వైపులా ఆర్‌జే11 పిన్ను ఉన్న మామూలు ఫోన్ త్రాడు వేయండి. పిన్నులో మధ్యన ఉన్న రెండు పోగులే పనిచేసేవి. అంతే, మిగతా రెండు పాయింట్లకీ లోపలి వైరింగ్ ద్వారా డయల్ టోన్ వెళ్తుంది. పాత బ్రాడ్‌బ్యాండ్ రోజుల తెల్ల స్ప్లిటర్ డబ్బా మధ్యలో ఉంటే తీసి పారేయండి. ఇక దాంతో పని లేదు, గరగరకి అదో చోటు.

మూడు ఫోన్లూ మోగుతాయా అంటే, అది ఫోన్లని బట్టి. ఎక్స్ఛేంజీకి ఉన్నంత రింగ్ బలం ఈ చిన్న పోర్టుకి ఉండదు. బీటెల్, కార్డ్‌లెస్ లాంటి ఎలక్ట్రానిక్ రింగర్లు రెండు మూడు హాయిగా లాగుతుంది. లోపల ఇనుప గంట ఉన్న డయల్ ఫోన్ ఒక్కటే వాటన్నిటి కంటే ఎక్కువ తింటుంది. దాన్ని తగిలించాక మిగతావి నీరసంగా మోగితే కారణం అదే.

ఓల్ట్ రూమ్

కరెంటు గురించి చెబుతాను, జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాపర్ ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచి వచ్చేది, ఇంట్లో కరెంటు లేకపోయినా పలికేది. ఫైబర్ గాజు, దాని మీద కరెంటు రాదు. ఓఎన్‌టీ ఆరిపోతే ఫోన్ చచ్చినట్టే.

ఇన్వర్టర్ ఉందన్నారు కదా, ముందు టీవీ పక్క ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద ఉందో లేదో చూడండి. మన ఇళ్ళలో మామూలుగా ఫ్యాన్లు, లైట్లే ఇన్వర్టర్‌కి కలుపుతారు, ప్లగ్గులు మెయిన్ మీదే ఉంటాయి. మెయిన్ ఆపి ఓఎన్‌టీ లైట్లు చూస్తే తెలిసిపోతుంది. రెండోది, ఇన్వర్టర్ మీద "యూపీఎస్ / నార్మల్" అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో కరెంటు మారే ఆ క్షణం ఓఎన్‌టీకి ఎక్కువై రీస్టార్ట్ అవుతుంది. మళ్ళీ ఫోన్ రిజిస్టర్ కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మాట్లాడుతున్న కాల్ ఎలాగూ తెగిపోతుంది.

ప్లగ్గు మార్చడం కుదరకపోతే ఓఎన్‌టీకి విడిగా మినీ యూపీఎస్ కొనండి. కొనేముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద రాసింది చదవండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది, ఆంపియర్లు 1 నుంచి 2 దాకా మారుతాయి. యూపీఎస్ వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకి తక్కువ కాకూడదు. పిన్ను బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.5 పిన్ను 2.1కి సరిపోయే సాకెట్లో వదులుగా కూర్చుని, బల్ల కదిలినప్పుడల్లా ఓఎన్‌టీ రీస్టార్ట్ అవుతుంది.

డబ్బా మీద "10400 ఎంఏహెచ్" అని చూసి మురిసిపోకండి. అది సెల్ వోల్టేజ్ 3.7 దగ్గరి లెక్క. 3.7ని 10.4తో గుణిస్తే 38 వాట్ అవర్లు, 12 వోల్టులకి పెంచడంలో పోయేది పోగా 32 మిగులుతాయి. ఓఎన్‌టీ 9 వాట్లు తింటే మూడున్నర గంటలు. ఏడాది రెండేళ్ళు పోయాక అందులో సగం దగ్గరికి పడిపోవచ్చు.

మేడ మీది కార్డ్‌లెస్ బేస్‌కి సొంత అడాప్టర్ ఉంటుంది, కరెంటు లేకపోతే అది మూగే. బీటెల్‌కి పోర్టు నుంచే కరెంటు వస్తుంది. కాబట్టి పెద్దవాళ్ళకి చేతికందేచోట త్రాడున్న ఫోన్ ఒకటి తప్పకుండా ఉంచండి.

మీ ఇంట్లో ఎంత బ్యాకప్ ఉన్నా, అవతల మీ లైన్ చేరే ఓల్ట్ (ఫైబర్‌కి కంపెనీ వైపు ఉండే యంత్రం) ఉన్న గదిలో బ్యాటరీ అయిపోతే మీ ఫోన్ కూడా ఆగుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు మినీ యూపీఎస్ లెక్కలోకే రాదు. ఛార్జ్ చేసిన మొబైల్ కూడా దగ్గర పెట్టండి.

పాత హ్యాండ్‌సెట్

డయల్ ఫోన్ గురించి: తిప్పితే అది పల్స్ పంపుతుంది, ఓఎన్‌టీలు ఎక్కువగా టోన్ మాత్రమే వింటాయి. వచ్చిన కాల్ ఎత్తి మాట్లాడొచ్చు, ఇక్కణ్ణుంచి చేయలేరు. అడుగున టీ/పీ (టోన్/పల్స్) స్విచ్ ఉన్న బటన్ ఫోన్ అయితే దాన్ని టీకి మార్చండి.

వంటింటి బీటెల్‌లో నంబర్ కనిపించకపోవచ్చు. కాపర్ ఎక్స్ఛేంజీలు కాలర్ నంబర్‌ని ఎక్కువగా డీటీఎంఎఫ్ టోన్లుగా (బటన్లు నొక్కితే వినిపించేలాంటివి) మొదటి రింగ్‌కి ముందు పంపేవి. చాలా ఓఎన్‌టీలు ఎఫ్ఎస్‌కే అనే వేరే పద్ధతిలో మొదటి రెండు రింగుల మధ్య పంపుతాయి. ఫోన్ అడుగున "ఎఫ్ఎస్‌కే / డీటీఎంఎఫ్" అని రెండూ రాసి ఉంటే భయం లేదు. ఒక్కటే ఉంటే ఓఎన్‌టీలో కాలర్ ఐడీ పద్ధతి మార్చమని బిగించడానికి వచ్చినవాళ్ళని అప్పుడే అడగండి. రెండు నిమిషాల పని, తర్వాత అడిగితే ఎవరూ రారు.

నంబర్ నొక్కాక నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం ఉంటే పెట్టేయకండి. ఇంకా అంకెలు వస్తాయేమోనని ఓఎన్‌టీ చూస్తూంటుంది. చివర # నొక్కితే సాధారణంగా వెంటనే పోతుంది. మొబైల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా 2021 జనవరి 15 నుంచి ఉన్న నియమమే, ఫైబర్‌కీ అంతే. పెద్దవాళ్ళ ఫోన్లో స్పీడ్ డయల్ నంబర్లు సున్నాతో ఉన్నాయేమో చూసి పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని ఓఎన్‌టీ వెనక చిన్న రంధ్రంలో పిన్నుతో గుచ్చకండి. రీసెట్‌తో వైఫై పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ రిజిస్ట్రేషన్ వివరాలూ పోవచ్చు. వైఫై మళ్ళీ మీరే పెట్టుకోగలరు, ఫోన్ మాత్రం కంపెనీ వాళ్ళే ఎక్కించాలి. రీస్టార్ట్ కావాలంటే పవర్ స్విచ్ ఆపి వేస్తే సరిపోతుంది.

తెనాలి వాసి

అందరికీ ధన్యవాదాలండి. బయటి జత రెండు పోగులూ విడదీశాను, డీసీ సున్నా వచ్చింది. ఓఎన్‌టీ ఇంకా కలపలేదు. మూడు ఫోన్లూ పీకేసి రెండు పోగుల మధ్య ఓమ్స్ చూస్తే 4 కిలో ఓమ్స్ చూపిస్తోంది. ఇది ఉండాల్సిందేనా?

జాయింటర్

ఉండకూడదండి. ఫోన్లన్నీ పీకాక మీటర్ ఏమీ చూపించకూడదు, చూపించినా మెగా ఓమ్స్‌లో ఉండాలి. 48 వోల్టులకి 4 కిలో ఓమ్స్ అంటే 12 మిల్లీ ఆంపియర్లు. ఎవరో రిసీవర్ ఎత్తారని ఓఎన్‌టీ అనుకోవడానికి అది చాలు. కలిపారంటే ఫోన్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, బయటివాళ్ళకి ఎప్పుడూ ఎంగేజ్ వస్తుంది. వానాకాలం గరగరలో మీ ఇంటి వాటా కూడా ఇదే అయ్యుండొచ్చు.

వంటింటి రోజెట్ ముందు విప్పండి. సింకు గోడకి ఉన్న రోజెట్లలో స్క్రూల చుట్టూ పచ్చటి చిలుం పడుతుంది, తేమ తగిలితే ఆ చిలుమే కరెంటు పారిస్తుంది. ఆ పాయింట్‌కి పోయే జతని హాల్ రోజెట్ దగ్గర విడదీసి మళ్ళీ కొలవండి. 4 కిలో ఓమ్స్ మాయమైతే తప్పు ఆ కొమ్మలోనే. రోజెట్ మార్చి, పోగుల చివర అర అంగుళం కత్తిరించి కొత్త రాగి తేలేలా ఒలిచి బిగించండి. అప్పటికీ పోకపోతే పైపులో నీళ్ళు దిగాయన్నట్టు. పాత వైరు చివరకే కొత్త 0.5 మిల్లీమీటర్ జత కట్టి రెండో వైపు నుంచి లాగితే కొత్తది వచ్చేస్తుంది.

ఈలోగా ఓఎన్‌టీ ఫోన్ పోర్టుకి బీటెల్ ఒక్కటే నేరుగా తగిలించి వాడుకోండి, పాత వైరింగ్ జోలికి పోకండి.