చింతగింజల అంబలి పూసిన బొమ్మకు బూజు పడుతోంది, ఏం చేయాలి?

నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా అక్క, నేను కలిసి ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేస్తాం. ఇద్దరి పనీ ఒకేచోట ప్రదర్శనకు పెట్టడం ఇదే మొదటిసారి. నావి సైకిల్ చైన్లు, పాత ట్యూబులతో చేసినవి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. బెంగంతా అక్క బొమ్మ గురించే.

మగ్గం ముందు కూర్చున్న మా నాయినమ్మ బొమ్మ అది. బైండింగ్ వైరుతో ఆకారం కట్టి, జంపఖానాలు నేసినప్పుడు మిగిలే తుక్కు దారం చుట్టింది. చేర్యాలలో నకాషీ కళాకారులు చేసే మాస్కులకు వాడే పద్ధతిలోనే రంపపు పొట్టును చింతగింజల అంబలిలో కలిపి ముఖానికి, చేతులకు పూసింది. వేళ్ల కణుపులు సరిగ్గా నాయినమ్మవే. చూసి మా బాపు చాలాసేపు మాట్లాడలేదు.

ఈ ముసురుకు మెడ వెనక, చంకల కింద తెల్లగా బూజు వచ్చింది. బయట ఆరినట్టే ఉంది గానీ వేలితో నొక్కితే లోపల మెత్తగా తగులుతోంది. ఎండలో పెడితే ముఖం పగులుతుందేమోనని భయం.

అంబలిలో మైలుతుత్తం (నీలంగా ఉండే కాపర్ సల్ఫేట్) కలిపితే బూజు, పురుగు రావని పెద్దలు చెప్పారు. ఇప్పటికే ఆరిన పూత మీద ఆ నీళ్లు పూస్తే పనిచేస్తుందా? తెల్ల దారానికి నీలం అంటుతుందా? వార్నిష్ వేస్తే లోపలి తేమ అక్కడే ఉండిపోదా? నకాషీ పని, కొయ్యబొమ్మల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ముఖం మాత్రం మళ్లీ చేయలేనంటోంది అక్క.