పేస్ ట్రయల్లో "కోలుకున్నారు" అన్న లెక్క న్యాయమేనా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
చికున్‌గున్యా తగ్గాక మా చెల్లి మళ్ళీ మామూలు మనిషి కాలేదు. చివరికి క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, అంటే ఎంతకీ తగ్గని అలసట జబ్బు అన్నారు. విజయనగరంలో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో "నడక పెంచుకుంటూ పోతే నూటికి 22 మంది బాగైపోతారు, బ్రిటన్‌లో రుజువైంది" అని చెప్పారు. ఆ రుజువు పేస్ ట్రయల్, ఈ జబ్బుకి ఏ వైద్యం పనిచేస్తుందో రోగుల మీద పోల్చి చూసిన పరిశోధన. 641 మంది మీద చేసి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, 22 శాతం అన్నది 2013 వ్యాసంలోది. ట్రయల్లో చేరాలంటే శారీరక సామర్థ్యం స్కోరు వందకి 65 దాటకూడదు. కోలుకున్నట్టు రాయాలంటే 85 రావాలని ముందు అనుకున్నారు, తర్వాత దాన్ని 60కి దించేశారు. 65తో చేరి 60కి పడిపోయినా ఆ స్కోరులో పాసే!

గంటస్తంభం:
సగం చెప్తే ఎలాగండీ? ఆ ఒక్క స్కోరుతో సరిపోదు. అలసట స్కోరు, రోగి సొంత అభిప్రాయం, జబ్బు నిర్వచనంలోంచి బయటపడటం, అన్నీ కుదరాలి. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళలో కోలుకున్నది 7 శాతమే. ఆ తేడా కనబడదా?

నాగావళి గట్టు:
ఆ షరతులన్నీ సడలించినవే. ట్రయల్ వివరాలు దగ్గరున్న లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాటిని ఇవ్వనంటే, ఆస్ట్రేలియా రోగి ఒకాయన సమాచార హక్కు కింద పోరాడాడు. 2016లో ట్రిబ్యునల్ ఇమ్మన్నాకే బయటికొచ్చాయి. పాత కొలతతో లెక్కేస్తే కసరత్తు చేసినవాళ్ళలో 4 శాతం, మామూలు వైద్యంలో 3.

రాజాం రవి:
ఈ 65, 60 ఏటో నా బుర్రకెక్కలేదు. మా అత్తకి నడకతోనే షుగర్ తగ్గింది.

గంటస్తంభం:
రవి గారు చెప్పిందే నేనూ అంటున్నా. కదలకపోతే కండ కరిగిపోతుంది.

శారద, ఆమదాలవలస:
షుగర్ వేరు కదండీ. ఈ జబ్బులో ఒళ్ళు అలిసేలా పనిచేస్తే మర్నాడో ఎల్లుండో దెబ్బ తెలుస్తుంది. 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ కూడా ఈ పెంచుకుంటూ పోయే కసరత్తు వద్దంది.

గంటస్తంభం:
దానికి అక్కడి డాక్టర్ల సంఘాలు, రాయల్ కాలేజీలే అభ్యంతరం చెప్పాయి. మీరంతా గూగుల్ చూసి డాక్టర్లైపోతే ఇక మేమెందుకు?

నాగావళి గట్టు:
"మేము" అంటే? ఫిజియోనా మీరు? ఆ ముక్క ముందే చెప్పాల్సింది. మా చెల్లిని ట్రెడ్‌మిల్ మీద రోజూ ఇంకాస్త, ఇంకాస్త అని నడిపించారు. మర్నాడు జడ వేసుకోడానికి చెయ్యి పైకి లేవలేదు. ఫోన్ చేస్తే "బద్ధకం, అలవాటైపోద్ది" అన్నారు. ఫైల్లో ఏం రాశారో తెలుసా? "మెరుగు."

గంటస్తంభం:
అవును, ఫిజియోనే. దాచాల్సిన పనేం లేదు. మంచం పట్టిన మనిషికి "నూటికి నలుగురే" అని చెప్తే లేస్తాడా? ఆశ పెట్టకుండా ఎవరిని నడిపించగలం?

కవిటి కుర్రాడు:
ఇదీ అసలు సంగతి. మాది ఉద్దానం. కిడ్నీ పరీక్షలని వచ్చి మా నాన్న రక్తం, మా బోరు నీళ్ళు పట్టుకెళ్ళారు. రిపోర్టు ఇంటికి రాలేదు. అడిగితే "తెలిస్తే భయపడతారు" అన్నారు. భయం ముందే ఉంది బాబూ, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్ ఎంతో తెలీక చచ్చాం.

గంటస్తంభం:
దానికీ దీనికీ సంబంధం ఏంటి?

నాగావళి గట్టు:
మీరు ఆశ అంటున్నదీ వాళ్ళు భయం అన్నదీ ఒకటే, మాకు చెప్పకుండా ఉండటానికి. సరే, రేపు మా చెల్లి మీ దగ్గరికొస్తే ఎంత శాతమని చెప్తారు?

గంటస్తంభం:
శాతం చెప్పను. చూద్దాం అంటాను.

నాగావళి గట్టు:
అలా అనండి, చాలు. ఫైలు కూడా దాని చేతికివ్వండి.