ఎమ్మే విద్యార్థులకు ‘బైబిలులో స్త్రీలు’ ఎలా బోధించాలి?

ప్రశ్న (అధ్యాపకురాలు, ఒంగోలు)

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. ఎమ్మే విద్యార్థులకు క్రైస్తవ లేఖనాల్లోని స్త్రీల గురించి ఒక ఐచ్ఛిక పాఠ్యాంశం బోధించే బాధ్యత ఈ సెమిస్టరులో నాకు వచ్చింది. నా తరగతిలో ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లే పిల్లలూ ఉన్నారు, బైబిలు ఒక్కసారి కూడా తెరవని పిల్లలూ ఉన్నారు. యోహాను సువార్త 4వ అధ్యాయంలో, బావి దగ్గర యేసు నీళ్లు అడిగిన సమరయ స్త్రీ ఎవరని మొదటి రోజు అడిగితే, చర్చికి వెళ్లే వాళ్లందరూ ఒక్కమాటగా వ్యభిచారిణి అన్నారు. ఆ మాట ఏ వచనంలో ఉందో చూపించమన్నాను. చాలాసేపు పేజీలు తిప్పిన తరువాత ఒక అమ్మాయి, ‘మా చర్చి అయ్యగారు అలాగే చెబుతారు మేడమ్’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ అమ్మాయి విశ్వాసాన్ని గాయపరచకుండా, అలాగని తరగతిని ప్రసంగంగా మార్చకుండా ఈ పాఠం ఎలా నడపాలో, ఏయే భాగాలు ఎంచుకోవాలో అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు, కావలి)

అమ్మా, వచనం చూపించమని అడిగారు కనుక మీ పాఠం సరైన చోటనే మొదలైంది. ఆమెకు అయిదుగురు పెనిమిట్లు ఉండేవారని, ఇప్పుడున్నవాడు పెనిమిటి కాడని మాత్రమే అక్కడ ఉంది. వాళ్లు చనిపోయారో, ఆమెను విడిచిపెట్టారో ఆ అధ్యాయం చెప్పదు; ఇక పాపం చేయవద్దని యేసు ఆమెతో అనడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో పరిత్యాగ పత్రం రాసి భార్యను పంపివేసేది భర్త. మార్కు 12వ అధ్యాయంలో, ఒకే స్త్రీని ఏడుగురు అన్నదమ్ములు ఒకరు పోయాక ఒకరు పెళ్లాడినట్లు సద్దూకయ్యులనే యూదా మతవర్గం వారు ఊహించి ప్రశ్న వేస్తారు. ఈ రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టి చదివిస్తే, ఆ అయిదుగురి లెక్క ఆమె నడతకే కాక ఆమె నిస్సహాయతకూ గుర్తు కావచ్చునని పిల్లలే గ్రహిస్తారు.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది ఆ బావి. యూదులు తాము దూరం పెట్టిన పొరుగువారైన సమరయులతో సాంగత్యం చేయరని మన బైబిలులో ఉన్న చోట, గ్రీకు క్రియకు ‘కలిసి వాడుకోవడం’ అనే అర్థం కూడా ఉంది. అందుకే కొందరు పండితులు ఒకే పాత్రలో నీళ్లు తాగరని అక్కడ అర్థం చెప్పారు. చేద లేని మనిషి మిట్టమధ్యాహ్నం నూతి దగ్గర కూర్చుని, తన వాళ్లు ముట్టుకోని కుండలో నీళ్లు అడగడమంటే ఏమిటో మన ప్రాంతపు పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవలో తన మీదికి వచ్చినవాళ్లకు ఎదురుగా బిందె ఎత్తిన దళిత స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ తరువాత అక్కడ ఆరుగురు దళితులు హతులయ్యారు. ఈ అధ్యాయాన్ని ఇక్కడ చదువుతూ ఆ బిందెను తలచుకోకుండా ఉండలేను.

జవాబు (ఉపాధ్యాయిని, కనిగిరి)

మేడమ్ గారూ, మా అమ్మమ్మ బైబిలు ఉమన్‌గా, అంటే ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించే సంఘ సేవికగా, పని చేసింది. మగవాళ్లు కూర్చున్న పంచలో ఆమె నిలబడి బోధించిన రోజు లేదు. ఆడవాళ్లు బియ్యం ఏరుకుంటూ ఉంటే వంటింటి గడప దగ్గర కూర్చుని చదివి వినిపించేది. ఆమె బైబిలులో రోమా పత్రిక 16వ అధ్యాయం ఉన్న పేజీ అంచు వేలి తడికి నల్లబడిపోయింది. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే, అపొస్తలులలో, అంటే సువార్త చాటడానికి పంపబడిన తొలి తరం వారిలో, పేరుపొందిన యూనీయ ఉన్నది ఆ పేజీలోనే. యూనీయ స్త్రీ అని 4వ శతాబ్దపు క్రైస్తవ గురువు యోహాను క్రిసొస్తొము స్పష్టంగా రాసినా, తరువాతి కాలంలో కొందరు అనువాదకులు ఆ పేరును పురుషుని పేరుగా మార్చారు. స్త్రీ ఉపదేశించరాదనే 1 తిమోతి 2వ అధ్యాయాన్ని దాచకుండా, రోమా 16తో కలిపి ఒకే రోజు చదివించండి. వీలైతే పిల్లలను మీ ఊళ్లోని ప్రార్థన కొండకు తీసుకువెళ్లండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జ్యూయెట్ దంపతులతో పాటు అది ఎక్కిన తెలుగువారిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు ఉన్నారు.

జవాబు (న్యాయశాస్త్ర అధ్యాపకుడు, నెల్లూరు)

నేను హిందువును, అయినా సంఖ్యాకాండము 27వ అధ్యాయాన్ని ఏటా నా తరగతిలో చదివిస్తాను. తండ్రి ఆస్తి కోసం మోషే ఎదుట నిలబడి వాదించిన సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ గెలిచారు. కానీ 36వ అధ్యాయంలో, సొంత గోత్రంలోనే, అంటే తమ తెగలోనే, పెళ్లి చేసుకోవాలనే షరతు వచ్చి పడింది. గెలుపు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దని నా మనవి. న్యాయాధిపతులు 19వ అధ్యాయంలోని అత్యాచార వృత్తాంతాన్ని కూడా వదిలిపెట్టవద్దు. అయితే అందులో ఏముందో వారం ముందే చెప్పి, ఆ రోజు రాలేనన్న వాళ్లను కారణం అడగకండి.

ప్రశ్న అడిగిన వారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. న్యాయాధిపతుల అధ్యాయం వదిలేద్దామనే అనుకున్నాను. ఇప్పుడు సెమిస్టరు చివరికి, ముందుగా చెప్పి, ఉంచుతున్నాను. సోమవారం యోహాను 4వ అధ్యాయాన్నే మళ్లీ తీసుకుని, వ్యాఖ్యానమేదీ లేకుండా మొత్తం బిగ్గరగా చదివిస్తాను. సమరయ స్త్రీ మాటలు తానే చదువుతానని ఆ అమ్మాయి నిన్న వచ్చి అడిగింది.