అప్‌డేట్: 7 కిలోల క్యాబిన్ బ్యాగుతోనే ఢిల్లీ పెళ్లికి వెళ్లొచ్చాను

జనవరి చలిలో నాలుగు రోజుల ఢిల్లీ పెళ్లికి 7 కిలోల క్యాబిన్ బ్యాగు ఒక్కటే సరిపోతుందా అని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు పనిచేసింది ఒక్కటే: బరువైనవన్నీ ఒంటి మీద వేసుకోవడం. స్వెటర్, జాకెట్, బూట్లు తొడుక్కునే విమానం ఎక్కాను. హైదరాబాద్‌లో లైన్లో నిలబడేసరికి చెమటలు పట్టాయనుకోండి! కానీ ఇంట్లో తూచినప్పుడు 9.2 కిలోలున్న బ్యాగు 6.8కి దిగింది.

బట్టలు చుట్టాలా, మడవాలా అన్న చర్చ నాకు ఉపయోగపడలేదు. చుడితే చోటు మిగులుతుంది, బరువు తగ్గదు కదా. వాక్యూమ్ కవర్లూ అంతే. పట్టుచీర మాత్రం పాత కాటన్ చున్నీలో చుట్టి పెట్టాను, నలగలేదు.

అత్తయ్య ఇచ్చిన ఆవకాయ సీసాని సెక్యూరిటీ దగ్గర ఆపేశారు. వద్దని మీలో ఒకరు ముందే చెప్పారు, నేనే వినలేదు.